జమ్మి మీది మూట

ఆగస్టు 28, 2025

కొత్త పుస్తకం. పాతది సిటీలో ఉండగా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రూములో ఎవరో వేడి గిన్నె కింద పెట్టి కాల్చారు. పోనీ. నోటితో మాట్లాడేది మా భీమ్‌గల్ భాష, చేత్తో రాసేది బడి భాష. పంతులు బెత్తం మహిమ, ఈ జన్మకు పోదు.

ఈ గల్ఫ్ దీవికి వచ్చి ఇవ్వాళ్టికి నెల. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ఒక సిగరెట్టు పూర్తిగా అయిపోదు. ఇక్కడ రిసార్ట్ కడతామని మొదలుపెట్టి కంపెనీ సగంలో ఆపేసింది. మిగిలినవి కప్పు లేని పదకొండు గదులు, రెండు జనరేటర్లు, ఇరవై ఆరు రాగి కేబుల్ డ్రమ్ములు, ఒక చెట్టు, వీటికి కాపలాగా మేం ఐదుగురం. డ్రమ్ములన్నీ తెల్లదొరల కాలం నాటి రాతి కొట్టులో పెట్టారు. గోడలు మూరెడు మందం. దాన్ని మేం కోట అంటాం.

ఇన్‌ఛార్జి ముఖ్తార్ భాయ్ లక్నో దగ్గరి మనిషి. వాళ్ళ తాత తెల్లవాళ్ళ ఫౌజులో చేరి ఇలాంటి దీవికే కాపలా కాశాడట. అందుకని రోజూ పొద్దున కోట మీద కంపెనీ జెండా ఎత్తించి మాతో సెల్యూట్ కొట్టిస్తాడు. "హమ్ చౌకీదార్ నహీ, ఫౌజ్ హై" అంటాడు, మనం కాపలావాళ్ళం కాదు, సైన్యమట. ఆయనకు జీతం కంపెనీ ఇస్తుంది కానీ ఆర్డర్లు మాత్రం చచ్చిపోయిన తాత దగ్గర నుంచి వస్తాయి.

వంట ఏసోబుది, నరసాపురం వైపు. సురేందర్‌ది జగిత్యాల. మాట్లాడితే నోరు అరిగిపోతుందనుకునే రకం. ఐదోవాడు తిరుమల్, నా చెల్లెలు స్వర్ణ మొగుడు. వీసా తీసి తెచ్చింది నేనే. విమానం ఎక్కే రోజు స్వర్ణ నా చెయ్యి పట్టుకుని, "అన్నా, నీ మాట మీద పంపుతున్న. ఎట్ల తోల్కపోతున్నవో అట్లనే తోల్కరావాలె" అన్నది. సరే అన్నాను. అన్న మాట అన్నట్టే ఉంది.

సెప్టెంబర్ 3

తిరుమల్ కేబుల్ డ్రమ్ముల తాడుతో వడిసెల అల్లాడు. మా ఊళ్ళో జొన్నచేను మీద పిట్టలు వాలకుండా మంచె మీద నిలబడి రాళ్ళు విసిరే వడిసెల. ఏసోబు వంద అడుగుల అవతల టమాటా డబ్బా పెట్టాడు. మొదటి రాయికే డబ్బా ఎగిరిపోయింది. ముఖ్తార్ భాయ్ అక్కడికక్కడే తిరుమల్‌ని ఫిరంగి దళానికి ఆఫీసర్ చేశాడు.

సెప్టెంబర్ 6

ముక్కూ మొహం తెలియని పడవ ఒకటి దీవి చుట్టూ రెండుసార్లు తిరిగింది. అందులో వలలు లేవు.

సెప్టెంబర్ 11

వచ్చారు. గెలిచాం.

తెల్లారుతుండగా, సముద్రం బాగా వెనక్కి పోయిన వేళ వచ్చారు. పడవను దూరంగా ఆపి మోకాటి లోతు నీళ్ళలో నడిచి వచ్చారు. ఆరుగురు. ముఖాలకు గుడ్డలు, చేతుల్లో పొడుగు కత్తులు, కేబుల్ కోసే కటర్లు. తిరుమల్ కోట మీదకెక్కి వడిసెల తిప్పాడు. మొదటి రాయి ముందు నడుస్తున్నవాడి నోటి మీద పడింది. పళ్ళు విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండో రాయికి ఇంకొకడి మోచెయ్యి వేలాడిపోయింది. అయినా నలుగురు మెట్ల దాకా వచ్చారు. ఏసోబు బకెట్టెడు కారం నీళ్ళు వాళ్ళ ముఖాన కొట్టాడు. ఒకడు కళ్ళు పట్టుకుని గిరగిరా తిరుగుతుంటే సురేందర్ వాడి మోకాలి మీద పైపుతో ఒక్కటిచ్చాడు. కాలు ముందుకు వంగింది, వంగకూడని వైపు. ముఖ్తార్ భాయ్ చెవి సగం తెగి వేలాడుతుంటే ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో కొడుతూ "ఆగే బఢో" అని అరుస్తూనే ఉన్నాడు.

నా మీదకు ఆకుపచ్చ చొక్కావాడు కత్తితో వచ్చాడు. సన్నటి మనిషి. గడ్డపారతో రెండు దెబ్బలు వేశాను. ఒకటి భుజం మీద, ఒకటి తల మీద. పడిపోయాడు. రెండే.

వాణ్ణి వాళ్ళు కాళ్ళు పట్టి నీళ్ళలో ఈడ్చుకుంటూ పోయి పడవలో వేసుకున్నారు. ఒక్క డ్రమ్ము పోలేదు. తిరుమల్‌కు గోటి గీత కూడా పడలేదు. స్వర్ణకు ఇదేదీ చెప్పలేదు.

సెప్టెంబర్ 12

కోస్ట్‌గార్డు వాళ్ళు వచ్చి అందరినీ అడిగి రాసుకున్నారు. మర్యాదగానే ఉన్నారు. రేడియో ఒకటి ఇచ్చి, ఏ సమయమైనా పిలవమన్నారు. ఇక మా కంపెనీ. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, అక్టోబర్ ఐదున డ్రమ్ములన్నీ ఎత్తేస్తామని కబురు పంపింది. అప్పటిదాకా పైపులు, గడ్డపారలు చేతిలో నుంచి దించవద్దని ముఖ్తార్ భాయ్ ఆర్డరు. అన్నం తినేటప్పుడు కూడా పక్కనే ఉండాలి.

సెప్టెంబర్ 14

మూడు ఉండొచ్చు. పడిపోతూ ఉండగా ఒకటి తగిలి ఉండొచ్చు. కత్తి పట్టుకుని వచ్చినవాడికి ఎన్ని తగిలితే ఏమిటి?

సెప్టెంబర్ 22

గడ్డపారకు గుడ్డ చుట్టాను. చేతికి చెమట పడుతుంది, జారుతుంది, అందుకే.

అన్నం దగ్గర తిరుమల్ అడిగాడు. "బావా, గా పచ్చ అంగీ పోరడు బతికి ఉంటడంటవా?"

"నాకేం ఎరుక? ఎందుకు అడుగుతున్నవ్?"

"ఉత్తగనే. వాడు పడ్డంక గూడ కొడుతనే ఉంటివి. నేను గుంజకపోతే..."

"నువ్వు మీదున్నవ్. మీదికెళ్ళి నీకేం కనవడ్డది?" అని కంచం తోసేసి లేచాను. తిరుమల్ అప్పటికే కోట దిగి వచ్చి నా నడుం పట్టుకుని లాగాడన్న సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. సాయంత్రం అతనే చాయ్ తెచ్చి ఇచ్చాడు. తాగాను.

సెప్టెంబర్ 30

అమ్మ సాయవ్వ ఫోన్ చేసింది. సాయవ్వకు గల్ఫ్ అంతా ఒక్కటే ఊరు. "దుబాయ్ల జమ్మి ఉంటదా బిడ్డా? దసరనాడు మొక్కకుంటె ఎట్ల?" అని దిగులుపడింది. ఉందమ్మా అన్నాను. ఉంది మరి. కోట వెనక ఉన్న ఆ ఒక్క చెట్టు జమ్మే. ఇక్కడివాళ్ళు గాఫ్ అంటారు. ఆకు నలిపి చూశాను, అదే వాసన.

ఫోను పెట్టగానే ఆలోచన తట్టింది. నాకే తట్టింది, ఇంకెవరికి తడుతుంది? మేం ఐదుగురం. పాండవులు ఐదుగురు. వాళ్ళూ అజ్ఞాతవాసమే, మేమూ అజ్ఞాతవాసమే. వాళ్ళలాగే ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మి మీద పెట్టి, సాయంత్రం పూజచేసి దించుకుంటే ఎంత బాగుంటుంది! పొద్దున కట్టాలి, పొద్దు వాలాక దించాలి. ఆ ఒక్క పగలు ఎవరూ ఇనుము ముట్టకూడదు.

తిరుమల్ వద్దన్నాడు. "బావా, మొక్కుదాం, నేను గూడ మొక్కుత. బొట్టు పెట్టి చేతులనే ఉంచుకుందాం. చెట్టుకెందుకు?" అన్నాడు. వీడికి భక్తి తక్కువ. ముఖ్తార్ భాయ్ కూడా తల అడ్డంగా ఊపాడు. ఆయన్ను పొద్దుపోయేదాకా బతిమాలి ఒప్పించాను. పండగ పూట ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళని చూసి ఆయన కాదనలేకపోయాడు.

అక్టోబర్ 2, పొద్దున

కట్టేశాను. మూటకు తిరుమల్ దుప్పటే తీసుకున్నాను, స్వర్ణ అంచుకు ఎర్రదారంతో పూలు కుట్టి పంపిన తెల్ల దుప్పటి. నాలుగు పైపులు, నా గడ్డపార. వడిసెల కూడా ఇమ్మన్నాను.

"గిది తాడే గదనే బావా, ఆయుధమెట్లయితది?" అన్నాడు తిరుమల్.

"పళ్ళు రాలగొట్టినంక ఆయుధం గాక ఏమయితది? తే" అని లాక్కున్నాను.

ఎవరూ ముట్టకుండా పాండవులు శవంలా కట్టారట. నేనూ అలాగే పొడుగ్గా చుట్టి, నైలాన్ తాడుతో ఏడు ముళ్ళు వేశాను. ఏసోబు చూసి సిలువ గుర్తు వేసుకున్నాడు. "ఆయ్, మరీ శవంలాగేంటండీ లింబాద్రి గారూ, నాకేం బాలేదండి" అన్నాడు. నవ్వాను. పాలపిట్టను చూడాలి ఇవ్వాళ. ఇక్కడ పాలపిట్ట ఎక్కడిది, నీటికాకిని చూసి దండం పెట్టుకున్నాం.

చేతులు తేలిగ్గా ఉన్నాయి. ఇన్నాళ్ళకు.

అక్టోబర్ 2

తిరుమల్ పోయాడు.

అక్టోబర్ 3, ఫరీజ్ అబ్దుల్ అజీజ్

మమ్మల్ని దీవి నుంచి తెచ్చి ఇక్కడ సిటీలో రూములో పెట్టారు. ముఖ్తార్ భాయ్ ఆసుపత్రిలో ఉన్నాడు. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి, తర్వాత మరిచిపోతాను.

మధ్యాహ్నం నుంచి గాలిదుమ్ము. కోట మీద నిలబడితే ఒడ్డు కనబడదు. మూడు గంటలప్పుడు మేం స్నానాలు చేసి కొత్త చొక్కాలు వేసుకుని ఉన్నాం. ఏసోబు గారెలు వేస్తున్నాడు. దుమ్ములోంచి పది మంది వచ్చారు. మెట్ల దగ్గరకు వచ్చేదాకా తెలియలేదు. ముఖ్తార్ భాయ్ రేడియోలో కేక వేసి, కోట మీది జెండా కర్ర పీకి దాంతోనే నిలబడ్డాడు. ఒక్క వేటుకు కర్ర రెండయింది, రెండో వేటుకు ఆయన చేతివేళ్ళు రెండు నేల మీద పడ్డాయి. ఏసోబు మరుగుతున్న నూనె మూకుడు ఎత్తి విసిరాడు. ఇద్దరి ముఖాల మీద చర్మం ఊడి వచ్చింది. వాళ్ళ అరుపులకు మిగతావాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ అడుగే మాకు దొరికిన సందు. సురేందర్ ఒట్టి చేతులతో ఒకడి కత్తిని పట్టుకున్నాడు. అరచెయ్యి ఎముక దాకా తెగినా వదల్లేదు.

"బావా, నేను చెట్టు కాడికి ఉరుకుత. జెర్ర సేపు ఆపుండ్రి" అని తిరుమల్ కోట వెనక్కి పరిగెత్తాడు. వాడి వెనక ఒకడు పోయాడు, పడవను ఒడ్డుకు లాగే పొడుగు కొక్కెంతో. నేను చూశాను. నా మీద ఇద్దరున్నారు.

తిరుమల్ కొమ్మ మీదకెక్కాడు. గాలికి ముళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. వేళ్ళతో రాక పళ్ళతో పీకాడు. కిందివాడు కొక్కెం పైకెత్తి పక్కటెముకల్లో గుచ్చి లాగాడు. తిరుమల్ మూటను వదల్లేదు. మళ్ళీ గుచ్చాడు. అప్పుడు మూట విడిపోయి పైపులు గలగలా కింద పడ్డాయి. నేను వాళ్ళిద్దరినీ నెట్టుకుని వెళ్ళి నా గడ్డపార అందుకున్నాను. కొక్కెంవాడి దవడ నుంచి మొదలుపెట్టాను. తర్వాత ఎవరెవరిని ఎక్కడ కొట్టానో రాయను. సురేందర్ ఎడమచేత్తో పైపు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. వాళ్ళు పారిపోయారు. ఇద్దరు నేల మీద మిగిలారు, ప్రాణాలతోనే. రేడియో పిలుపుకు అరగంటలోపే కోస్ట్‌గార్డు వచ్చి వాళ్ళని కట్టేసింది.

తిరుమల్ కొమ్మల పంగలో ఇరుక్కుని ఉన్నాడు. నేనే ఎక్కి, రెండు చేతులా కావలించుకుని దించాను. ప్రతి దసరాకూ అలాయ్ బలాయ్ తీసుకునేవాళ్ళం. ఈసారి అలా అయింది. పళ్ళ సందున నైలాన్ పోగులు ఉన్నాయి. ఏదో అన్నాడు, గాలికి వినబడలేదు. మూట విప్పిన ఆ దుప్పటే కప్పాం.

చెట్టుకు కడదామన్నది తిరుమలే. దసరా అంటే అతనికి పిచ్చి. నేను వద్దని కూడా అన్నాను.

అక్టోబర్ 5

మధుసూదన్ సారు వచ్చాడు. కంపెనీలో సేఫ్టీ మేనేజరు, విజయవాడ మనిషి, అల్ హిలాల్‌లో కుటుంబంతో ఉంటాడు. మంచివాడే. కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు ప్రాణాలకు తెగించి కాపాడారండీ. డ్రమ్ములన్నీ పొద్దున బార్జి మీద వచ్చేశాయి, ఒక్కటి కూడా తగ్గలేదు" అన్నాడు. ఎలాగూ ఐదో తారీఖున తీసుకెళ్ళాల్సినవే కదా. 

తర్వాత కాగితం తీశాడు. "రిపోర్టులో ఒకటి రాయాలి లింబాద్రి గారూ. ఆయుధాలు చెట్టుకెందుకు కట్టారు? ఎవరు కట్టారు?"

"తిరుమల్ కట్టిండు సార్. ఎవ్వలు చెప్పినా ఇనలే."

సురేందర్ చేతికట్టు వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. ఏసోబు లేచి బయటకు పోయాడు. మధుసూదన్ సారు రాసుకున్నాడు. మృతుడు సొంత నిర్ణయంతో, తోటివారు వారించినా వినకుండా. చదివి వినిపించాడు, సంతకం పెట్టాను. ముఖ్తార్ భాయ్ సంగతి అడిగితే, ఆయన జ్వరంలో ఉన్నాడు, ఇంకా మాట్లాడే స్థితిలో లేడన్నారు.

పోలీసులు పట్టుకున్న ఇద్దరినీ ఆ పచ్చ చొక్కావాడి గురించి అడిగించాలనుకున్నాను. అడిగించలేదు.

అక్టోబర్ 6

స్వర్ణతో మాట్లాడాను. మూడు రోజులు ఏడ్చి గొంతు పోయింది. ఆయుధాల సంగతి కంపెనీవాళ్ళు అప్పుడే ఫోన్ చేసి చెప్పారట. ఆ తర్వాత అన్నది.

"నువ్వు వద్దంటివట గదన్నా. నీ మాటింటె బతికేటోడు. సుహాసిని అడుగుతుంది, నాయినకు గా మాత్రం తెలివి లేకపాయెనా అని. ఏమని చెప్పాలె దానికి?"

సుహాసిని నా మేనకోడలు. తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి.

"అతనికి పండుగంటే పాణం చెల్లె" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

అక్టోబర్ 7

ఏమీ లేదు.

అక్టోబర్ 8

పొద్దున సురేందర్ చాయ్ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని నా మంచం మీద కూర్చున్నాడు. పక్క మంచం అతనిదే.

"అన్నా, రోజు రాస్తవ్ గదా. ఎప్పుడన్న ఎనుకకు తిప్పి సదువుకుంటవా?" అన్నాడు.

అంతే అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించి డ్యూటీ బట్టలు మడతపెట్టుకున్నాడు.

తిప్పి చదివాను. సెప్టెంబర్ ముప్పై. నా రాత, నా నీలి సిరా. "నాకే తట్టింది, ఇంకెవరికి తడుతుంది?" కింద, "తిరుమల్ వద్దన్నాడు." దాని కింద, "వీడికి భక్తి తక్కువ." ఇంకో పేజీ తిప్పితే ఏడు ముళ్ళు. ఎవరో సాక్షి చెబితే అబద్ధమనేవాణ్ణి. నా మీద నేనే చెప్పుకున్నాను, తారీఖు వేసి మరీ.

ఆ పేజీ చింపుదామని అంచు పట్టుకున్నాను కూడా. ఇదీ రాస్తున్నాను.

ఇక ఉన్నదున్నట్టు. పచ్చ చొక్కావాడికి పడినవి రెండు కాదు, మూడు కాదు. నేను లెక్కపెట్టలేదు. మొదటి దెబ్బకే కత్తి జారిపోయింది. రెండో దెబ్బకు పడ్డాడు. పడ్డాక చేతులు జోడించాడు. జోడించిన చేతుల మీద నుంచే కొట్టాను. భయంతో కొట్టాను, తర్వాత భయం లేకపోయినా కొట్టాను. తిరుమల్ లాగితే ఆగాను. ఆ రోజు నుంచి ఇనుము పట్టుకుంటే అరచేతిలో ఆ తల మెత్తగా తగిలేది. ఒక్క రోజు, ఒక్క పగలు ఇనుము పట్టుకోకుండా ఉండాలనిపించింది. నా ఒక్కడి గడ్డపార పక్కన పెడితే పిరికివాడంటారు. అందుకని అందరివీ కట్టించాను. అమ్మవారి పేరు పెట్టాను, పాండవుల పేరు పెట్టాను. అమ్మ ఫోను ఒకటి దొరికింది, దాని మీద వేశాను.

చెట్టు మీది నుంచి దించేటప్పుడు తిరుమల్ అన్నది నాకు వినబడింది. గాలి అడ్డం రాలేదు, ఏమీ లేదు. నా చెవి దగ్గరే అన్నాడు.

"బావా, ముడి మస్తు గట్టిగేసినవే."

కోపంగా అనలేదు. పళ్ళు నొప్పి పుడుతున్నాయని చెప్పినట్టు అన్నాడు.

అక్టోబర్ 9

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఆఫీసుకు పోయి మధుసూదన్ సారు ముందు నిలబడ్డాను.

"సార్, నేను చెప్పింది అబద్ధం. కట్టుడు నా ఆలోచన. తిరుమల్ వద్దన్నడు. రిపోర్టు మార్చుండ్రి."

ఆయన తలుపు వేసి వచ్చాడు. "లింబాద్రి గారూ, కూర్చోండి. బాడీకి కాగితాలన్నీ అయిపోయాయి, రేపు మధ్యాహ్నం ఫ్లైటు. మీకూ టికెట్ తీశాం. ఇప్పుడు మాట మారిస్తే మళ్ళీ స్టేట్‌మెంటు అంటారు, మిమ్మల్ని కదలనివ్వరు. ఆయన వెళ్ళిపోతాడు, మీరు ఇక్కడే ఉండిపోతారు. పోయిన మనిషికి ఎలా రాస్తే ఏమిటి చెప్పండి?"

"పోయినోనికి బిడ్డ ఉంది సార్."

ఆయన టికెట్ కాగితాలు పక్కకు జరిపాడు. తర్వాత కొత్త కాగితం తీశాడు. నేను చెప్పాను, ఆయన రాశాడు. ఆకుపచ్చ చొక్కావాడి సంగతి కూడా చెప్పాను. అక్కడ ఆయన పెన్ను ఆగింది. రాయండి అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా రాయించి సంతకం పెట్టాను.

అక్టోబర్ 10

పాస్‌పోర్ట్ పోలీసు స్టేషన్‌లో ఇచ్చి వచ్చాను. మళ్ళీ పిలుస్తామన్నారు. నా బదులు సురేందర్ పోతున్నాడు, తిరుమల్ పెట్టె వెంట. స్వర్ణకు ఫోన్ చేసి, నేను రావడం లేదని మాత్రం చెప్పాను. "ఎందుకన్నా? ఎట్ల తోల్కపోయినవో అట్ల తెస్తనంటివి గదా?" అన్నది. "సురేందర్ ఒక పుస్తకం తెస్తుండు, సదువు చెల్లె. సదివినంక నన్ను ఏమనాలనిపిస్తే అది అను" అన్నాను.

ఫోన్‌లో చెప్పొచ్చు. చెబితే మళ్ళీ ఎక్కడో ఒకచోట నాకు అనుకూలంగా ఒక మాట కలుపుతాను. నా సంగతి నాకు తెలిసింది. అందుకే ఇది పోవాలి. ఇంకా అరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి, అవి సుహాసిని లెక్కలు చేసుకోవడానికి పనికొస్తాయి.

సురేందర్ కింద నిలబడి పిలుస్తున్నాడు, బండి వచ్చిందట. దించిన రోజు తిరుమల్ పిడికిట్లో జమ్మి ఆకులు ఉన్నాయి. అన్నీ అతని జేబులోనే పెట్టి, ఒక్క రెమ్మ నేను దాచుకున్నాను. దాన్ని సెప్టెంబర్ ముప్పై పేజీలో పెట్టాను, స్వర్ణ వెతుక్కోకుండా.